గెడ్డ మూసిన తీర్మానం

ఫోన్లో గొంతు నన్ను "వరాలత్తా" అని పిలిచింది. నన్ను అలా పిలిచే మనుషులు ఇంకా మిగిలి ఉన్నారని నేననుకోలేదు. మా ఆయన స్టీల్ ప్లాంటులో రిటైరయ్యాక ఉక్కునగరం క్వార్టరు ఖాళీ చేసి సబ్బవరం దగ్గర ఇల్లు కట్టుకున్నాం. ఆయన పోయి మూడేళ్ళు. ఈ కొత్త కాలనీలో నేను వరలక్ష్మి టీచరు గారిని, లేదా కొబ్బరిచెట్టు ఇంటి మామ్మగారిని. వరాలు అన్న పేరు పూర్ణా మార్కెట్ వెనక సందులోనే ఉండిపోయింది.

"నాను కిరణ్‌ని అత్తా. అప్పలరాజు గారి అబ్బాయిని. ఇప్పుడు మన వార్డు కార్పొరేటర్ని" అన్నాడు. అప్పలరాజు నిరుడు పోయాడు. పేపర్లో మొదటి పేజీలో వేశారు. "మన ఎనకాల షాపుల రోడ్డుకి తాతగారి పేరు పెడతన్నాం. సన్యాసిరావు మార్గం. ఆర్చి కూడా కట్టించేం. ఆయన కూతురుగా మీరే రిబ్బన్ కట్ సెయ్యాల. కారు పంపిత్తాను, కాదనకండి."

షాపుల రోడ్డు అంటే ఏదో నాకు అర్థం కావడానికి కొంతసేపు పట్టింది. అర్థమయ్యాక ఫోను పట్టుకునే కుర్చీలో కూర్చున్నాను. అది రోడ్డు కాదు. అది మా గెడ్డ. కొండ మీద పడ్డ వాన మా సందు వెనక నుంచి సముద్రానికి పోయే దారి. దాని మీద సిమెంటు పలకలు పరిచి షాపులు కట్టారు. పరవొచ్చునని వార్డు తరఫున మా నాన్న సంతకం పెట్టాడు. ఆయన సంతకం పైనున్న ప్రతి అక్షరం నేను రాసిందే.

ఆ రోజుల గురించి ఇప్పటిదాకా ఎక్కడా రాయలేదు. పిల్లలకి పాఠాలు చెప్పినన్నాళ్ళూ నిజం చెప్పాలని బోర్డు మీద రాసి చెరిపాను గానీ ఇది మాత్రం ఎవరికీ చెప్పలేదు, మా ఆయనకి కూడా సగమే చెప్పాను. నాన్న పేరు ఆ పలకల మీద నిలబెడతారని తెలిశాక ఇంక ఆగాలనిపించలేదు.

మా ఇంటికి మూడు వాసనలు. ముందు గదిలోకి మార్కెట్ నుంచి బెల్లం, ఎండుమిరపకాయల వాసన. పెరటివైపు నుంచి ఎండుచేపల వాసన, ఎందుకంటే మా పక్కిల్లు నూకాలమ్మ పిన్నిది, ఆవిడ జాలారిపేట నుంచి నెత్తళ్ళు, సావడాలు తెచ్చి ఎండబెట్టి అమ్మేది. మూడోది వాసన అనాలో దుమ్ము అనాలో తెలీదు. పోర్టులో ఓడలకెత్తే ఇనుప ఖనిజం గాలికి లేచి ఊరంతా వాలేది. అమ్మకి పొద్దున్న మొదటి పని తడిగుడ్డతో కిటికీ చువ్వలు తుడవడం. ఆ గుడ్డ బకెట్లో జాడిస్తే నీళ్ళు ఎర్రగా తిరిగేవి. ఆ నీళ్ళు పారబోసి, కుళాయి దగ్గర వరసలో బిందె పెట్టి వచ్చి, అప్పుడు పొయ్యి ముట్టించేది. ఆ దుమ్ము గురించి అమ్మ ఎప్పుడూ ఫిర్యాదు చెయ్యలేదు. నాన్నకి జీతమిచ్చేది పోర్టే.

నాన్న పోర్టులో గుమాస్తా. సబ్బవరం వైపు పల్లెలో భూమి అన్నదమ్ములకి వదిలేసి వచ్చినవాడు. ఉద్యోగం ఎంత చేశాడో పార్టీకి అంతకంటే ఎక్కువ చేశాడు. ఆయనే వార్డు అధ్యక్షుడు, మా ముందు గదే వార్డు పార్టీ ఆఫీసు. రెండు బెంచీలు, గోడకి ఒక నాయకుడి ఫొటో, మూలన చుట్టిపెట్టిన జెండా. పార్టీ పేరు రాయను. రాస్తే మిగతా పార్టీల వాళ్ళు సంతోషిస్తారు, ఆ సంతోషానికి వాళ్ళలో ఎవరికీ అర్హత లేదు.

నాన్న వీధి స్తంభానికి అద్దం తగిలించి గడ్డం గీసుకునేవాడు. అప్పటికే బెంచీల మీద నలుగురైదుగురు కూర్చుని ఉండేవారు. కుళాయి రావడం లేదని ఒకరు, లైటు మాడిపోయిందని ఒకరు, చచ్చిన కుక్కని తియ్యలేదని ఒకరు. ఒక చెంప నురగతో, ఒక చెంప నున్నగా, నాన్న వెనక్కి తిరిగి అందరికీ సమాధానం చెప్పేవాడు. నేను గుమ్మంలో పీట వేసుకుని కూర్చుని అర్జీలు రాసేదాన్ని. నా చేతిరాత బాగుంటుందని నాన్నకి గర్వం. "మా గుంట రాసిందంటే కమిషనర్ గారు కళ్ళజోడు లేకుండా సదవొచ్చు" అని అందరితో అనేవాడు. ఆ అర్జీలు పట్టుకుని మధ్యాహ్నం భోజనం వేళ తనే కార్పొరేషన్ ఆఫీసుకి వెళ్ళేవాడు. ఇంజినీరు కుర్చీ చూపించకపోతే నిలబడే ఉండేవాడు, పనయ్యేదాకా వచ్చేవాడు కాదు. అన్నీ అయ్యేవని చెప్పను. సగం అయ్యేవి. ఆ సగంతోనే మా సందు మనుషులుండే చోటులా ఉండేది.

గెడ్డ సంగతి ఆయన సొంత సంగతి. మృగశిర కార్తెకి ముందు ఒక ఆదివారం పూడిక తీయించేవాడు. కార్పొరేషన్ మనుషులు ఇద్దరొస్తే సందులోంచి ఇరవైమంది దిగేవారు. నాన్న పంచె మోకాళ్ళ పైకి కట్టి బురదలో నిలబడి పార అందుకునేవాడు. అమ్మ పెద్ద గిన్నెతో చోడి అంబలి, ఉల్లిపాయలు గట్టు మీద పెట్టేది. నూకాలమ్మ పిన్ని ఎండునెత్తళ్ళు కాల్చి తెచ్చేది. ఆవిడ కూతురు పైడమ్మా నేనూ ఒకే ఈడు, గట్టు మీద కాళ్ళు వేలాడేసుకుని గ్లాసులు అందించేవాళ్ళం. పెద్ద వానొస్తే గెడ్డ ఎర్రగా, గట్టుదాకా, చప్పుడు చేస్తూ పోయేది. మేం గుమ్మంలోంచి చూసేవాళ్ళం. ఒక్క చుక్క ఇంట్లోకి వచ్చేది కాదు.

పెద్ద నాయకుడు ఎవరైనా ఊరొస్తే నాన్న ఒక షరతు పెట్టేవాడు. మీటింగుకి జనం కావాలంటే ముందు మా సందులోకి నడిచి రావాలి, మా కుళాయి నీళ్ళు ఒక గ్లాసు తాగాలి. వాళ్ళు వచ్చేవాళ్ళు, తాగేవాళ్ళు. ఒకాయన తాగి మొహం వికారంగా పెట్టాడు. మర్నాడు పైపు మార్చారు. అది వాళ్ళ మంచితనం అనుకునే వయసులో ఉన్నాను అప్పుడు. కాదు. వార్డు అధ్యక్షులు చేతులెత్తితేనే వాళ్ళకి ఊళ్ళో పదవి నిలిచేది, అందుకని తాగారు. అయినా తాగారు కదా. ఇప్పుడు నాకు అదే గొప్పగా అనిపిస్తుంది.

అప్పలరాజు మా ఇంటి మనిషి. వాళ్ళ నాన్న పోర్టులో కళాసీ, పనిలోనే పోయాడు. తమ్ముళ్ళ బరువు మీద పడితే డిగ్రీ మధ్యలో మానేసి తిరుగుతున్నవాణ్ణి నాన్న తెచ్చి ముందు గదిలో ఉంచాడు, పరీక్షలు కట్టించాడు. మంచి గొంతు. మైకు అక్కర్లేదు. నాన్నని మావా అనీ అమ్మని అత్తా అనీ పిలిచేవాడు. అమ్మ వండిన నెత్తళ్ళ ఇగురుతో రెండుసార్లు అన్నం పెట్టించుకునేవాడు. బురద తీసే రోజున అందరికంటే ముందు గెడ్డలోకి దిగేది అతనే. ఇది రాయకపోతే అబద్ధమవుతుంది. కార్పొరేటరు సీటు వార్డు కమిటీ నాన్నకే ఇస్తామంది. నాన్న లేచి, "నాను గుమాస్తాని, నాకు పోర్టు ఉంది. కుర్రోడికివ్వండి, పరిగెడతాడు" అన్నాడు. ఆ రాత్రి అప్పలరాజు నాన్న కాళ్ళకి దణ్ణం పెడుతూ ఏడ్చాడు. నటన కాదు. నేను చూశాను.

అదే సమయంలో పైన పద్ధతి మారింది. అప్పటిదాకా వార్డు కమిటీని సందులో వాళ్ళు ఎన్నుకునేవాళ్ళు, వార్డు వాళ్ళు నగర నాయకుణ్ణి. ఇకమీదట పేర్లన్నీ రాజధాని నుంచి కవర్లో వస్తాయన్నారు. మొదటి కవర్లో వచ్చిన నగరాధ్యక్షుడు కంట్రాక్టులు చేసే మనిషి. అందరూ ఆయన్ని పెద్దాయన అనేవారు. మా నాన్న కంటే పదేళ్ళు చిన్న. ఊళ్ళో ఎవరూ ఆయన్ని ఎన్నుకోలేదు కాబట్టి ఊళ్ళో ఎవరికీ ఆయన జవాబు చెప్పనక్కర్లేదు. మొదటిసారి మా సందు మొగకి కారులో వచ్చాడు. నాన్న గ్లాసు పట్టుకుని ఎదురెళ్ళాడు. పెద్దాయన కారు దిగలేదు. అద్దం సగం దించి, "బాగున్నారా పెద్దవారూ" అన్నాడు. గ్లాసు నాన్న చేతిలోనే ఉండిపోయింది. పక్కనే నిలబడ్డ అప్పలరాజు గబుక్కున ముందుకొచ్చి ఆ గ్లాసు తీసుకుని తను తాగేసి నవ్వాడు. నాన్న మర్యాద కాపాడాననుకున్నాడేమో. ఆ రోజు నుంచి అతను కారు వైపు మనిషయ్యాడని నాకనిపిస్తుంది.

కొన్నాళ్ళకి గెడ్డ మీద పలకలు వేసి షాపులు కట్టే ప్లాను వచ్చింది. కట్టేది పెద్దాయన మనుషులు. షాపుల మేడ మీద పార్టీకి కొత్త ఆఫీసు. స్థానికులకి అభ్యంతరం లేదని వార్డు కమిటీ తీర్మానం కావాలన్నారు, సందులో వాళ్ళ సంతకాలతో సహా. నాన్న ఒప్పుకోలేదు. వారం రోజులు అప్పలరాజు రోజూ వచ్చి కూర్చున్నాడు.

"మావా, ఎంతకాలం ఈ కంపు? దోమలు. పిల్లలకి జొరాలు. మూసీసి రోడ్డేత్తే అందరికీ మంచిదే కదా."

"వానొత్తే నీళ్ళెటెల్తాయిరా?"

"కింద పైపులేత్తారు. ఇంజినీర్లు సూసుకుంటారు."

"ఆ గెడ్డలో నడుంలోతు నీళ్ళలో నిలబడినోడివి నువ్వు. పైపులో పడతాయేటి ఆ నీళ్ళు?"

అప్పలరాజు తల దించుకున్నాడు. తర్వాత చెప్పాడు, "పెద్దాయనకి మాటిచ్చీసినాను మావా."

ఆదివారం నాన్నని బీచ్ రోడ్డులో పెద్దాయన ఇంటికి పిలిచారు. పొద్దున్న వెళ్ళి మధ్యాహ్నం తిరిగొచ్చాడు. అన్నం తినలేదు. వాళ్ళు ఆయనకి ఏమీ ఆశ చూపించలేదు, ఆశ చూపిస్తే లేచొచ్చేసేవాడు. తీర్మానం ఇవ్వకపోతే వార్డు కమిటీ రద్దు చేసి, ఆఫీసు ఇంకొకరి ఇంట్లో పెడతామన్నారు. అంతే. మామూలు మనిషికి అది బెదిరింపు కాదు. మా నాన్నకి మాత్రం పొద్దున్న లేచి అద్దం తగిలించుకుంటే బెంచీల మీద ఎవరూ లేకపోవడమంటే ప్రాణం తీసినట్టే. ఆ బలహీనత వాళ్ళకి ఎలా తెలిసిందా అని చాలాకాలం ఆలోచించాను. మా ఇంట్లో తిని, ముందు గదిలో పడుకుని, రోజూ ఆయన్ని చూసినవాడే చెప్పి ఉంటాడు.

సాయంత్రం నాన్న నన్ను పిలిచి తెల్లకాగితాలు తెమ్మన్నాడు. అమ్మ వంటింటి గుమ్మం దగ్గర నిలబడి చూస్తోంది.

"రాయి వరాలు. మా వార్డు ప్రజలకు ఎట్టి అభ్యంతరమూ లేదని..."

నేను కలం పట్టుకుని ఆగాను. "నాన్నా, గెడ్డ మూసేత్తే మరి నీళ్ళు?"

"నువ్వు రాయి."

"నూకాలమ్మ పిన్ని ఇల్లు పల్లంలో ఉంది కదా నాన్నా."

నాన్న నన్ను ఎప్పుడూ కొట్టలేదు. ఆ రోజూ కొట్టలేదు. చేత్తో బల్ల మీద గట్టిగా చరిచాడు. "రాయమన్నానా!" అన్నాడు. ఆ గొంతులో కోపం కంటే భయం ఎక్కువ ఉంది. నేను రాశాను. అంతటితో ఊరుకోకుండా బాగా రాశాను. గుండ్రంగా, వరస వంకర పోకుండా. పదహారేళ్ళ పిల్లని, ఏం చెయ్యగలను అని నాకు నేను చెప్పుకుంటూ వచ్చాను. కానీ వంకరగా రాయగలిగేదాన్ని. సిరా ఒలకబోయగలిగేదాన్ని. రాయనని లేచిపోగలిగేదాన్ని. చెయ్యలేదు. పూర్తయ్యాక నాన్న చదువుకుని "బాగుంది" అంటే ఎప్పటిలాగే సంతోషపడ్డాను కూడా.

మర్నాడు నాన్నతో కలిసి ఇంటింటికీ నేనే ఆ కాగితం పట్టుకుని తిరిగాను. నూకాలమ్మ పిన్ని చేపలు తిరగేస్తోంది. చేతులు కడుక్కొచ్చి బొటనవేలు చాపింది.

"ఏటి రాసుందో అడగవేటి పిన్నీ?" అన్నాను. ఆ ఒక్క మాట అన్నాను. అదైనా అన్నానని ఇన్నాళ్ళూ దాన్ని పట్టుకుని వేలాడాను.

"సన్యాసిరావు బాబు తెచ్చినాడంటే అడగడానికేటుంది? ఆ బాబు మనకి సెడ్డ సేత్తాడేటి?" అంది. నాన్న వీధి చివరకి చూస్తూ నిలబడ్డాడు. నేను ఆవిడ బొటనవేలికి సిరా రాసి కాగితం మీద అద్దించాను.

ఏడాది తిరక్కుండా పలకలు పడ్డాయి, షాపులు లేచాయి. మా బెంచీలు, ఫొటో, జెండా మేడ మీద ఆఫీసుకి మోసుకుపోయారు. నాన్నని గౌరవాధ్యక్షుణ్ణి చేశారు. ఏది పోతుందని భయపడి సంతకం పెట్టాడో అదే పోయింది. జనం అర్జీలు పట్టుకుని మెట్లెక్కడం మొదలుపెట్టారు. మెట్ల మీద గంటలు గంటలు కూర్చోవాలి, ఎక్కి చెప్పుకున్నా కాగితం తీసుకునేవాళ్ళే గానీ మధ్యాహ్నం భోజనం మానేసి కార్పొరేషన్ ఆఫీసులో నిలబడేవాళ్ళు లేరు. నాన్న స్తంభానికి అద్దం తగిలించి గడ్డం గీసుకుంటూనే ఉన్నాడు. అలవాటు కొద్దీ వెనక్కి తిరిగేవాడు. ఖాళీ గచ్చు.

ఆ పైఏడు వాయుగుండం పట్టింది. రెండు రోజులు ముసురు, మూడో రోజు పొద్దుటి నుంచి కుండపోత. మధ్యాహ్నానికి పలకల సందుల్లోంచి నీళ్ళు పైకి తన్నాయి. అరగంటలో సందులో మోకాలిలోతు, తర్వాత నడుంలోతు. మా ఇల్లు మెరకన ఉంది, అయినా గడప దాటి నీళ్ళొచ్చాయి. నాన్న డ్యూటీలో ఉన్నాడు. అమ్మ గుమ్మంలోంచి "పైడీ, ఓలమ్మ పైడీ, ఒకసారి రా" అని కేకేసింది. పైడమ్మ నీళ్ళు తోసుకుంటూ వచ్చింది. అమ్మ, నేను, పైడమ్మ ముగ్గురం కలిసి ట్రంకుపెట్టెలు మంచాల మీదకి, బియ్యం బస్తా అటక మీదకి ఎక్కిస్తున్నాం. పక్కన నూకాలమ్మ పిన్ని ఒక్కతే ఎండుచేపల బుట్టలు అటకెక్కిస్తోంది. వాళ్ళది మట్టిగోడ. నానిపోయి ఉంది.

చప్పుడు పెద్దగా ఏమీ రాలేదు. బరువైనదేదో నీళ్ళలో కూర్చున్నట్టు వినిపించింది. పైడమ్మ చేతిలో మా ఇత్తడి బిందె ఉంది. అది వదిలేసి పరిగెత్తింది. నేనూ వెళ్ళాను. గోడ, దాని మీద పెంకులు, చుట్టూ నీళ్ళ మీద తేలుతున్న నెత్తళ్ళు. సందులో మగవాళ్ళొచ్చి తీసేసరికి చీకటి పడింది. పైడమ్మ ఏడవలేదు. వాళ్ళమ్మ జుట్టులో చిక్కుకున్న చేపలు ఒక్కొక్కటే తీస్తూ కూర్చుంది.

మర్నాడు పెద్దాయన వచ్చాడు, ఈసారి కారు దిగాడు, ఎందుకంటే ఫొటోలు తీసేవాళ్ళు వచ్చారు. అప్పలరాజు కుర్చీ మీద నిలబడి ప్రకృతి ముందు మనిషెంత అని మాట్లాడాడు. మంచి గొంతు కదా, ఆడవాళ్ళు ఏడ్చారు. సాయంత్రం నాన్న మొదటిసారి ఆ మెట్లెక్కాడు. కళ్ళు సరిగా ఆనడం లేదని తోడుగా నన్ను తీసుకెళ్ళాడు. మా బెంచీ మీదే మమ్మల్ని కూర్చోబెట్టారు. చాలాసేపటికి అప్పలరాజు లోపలికి పిలిచాడు.

"పలకలు తీయించీరా" అన్నాడు నాన్న. కూర్చోలేదు. "వచ్చే వానకి ఇంకోళ్ళు పోతారు. నాను కమిషనర్ కాడికెల్తాను, పేపరోళ్ళకి సెప్తాను."

అప్పలరాజు నాన్నని కూర్చోబెట్టాడు. మంచినీళ్ళు తెప్పించాడు. గొంతు పెంచలేదు. "సెప్పండి మావా. నానాపను. కానీ మునిసిపల్ ఫైల్లో తీర్మానం మీ సంతకంతోనే ఉంది. నూకాలమ్మ ఏలిముద్ర కూడా ఉంది. అచ్చరాలు మన వరాలువి. పేపరోళ్ళు మొదటడిగేది మిమ్మల్నే. నాకు మీ పేరు పాడవడం ఇష్టం లేదు." అని నా వైపు చూశాడు. నేను చూపు తిప్పేసుకున్నాను.

నాన్న దిగొచ్చేశాడు. కమిషనర్ దగ్గరకీ వెళ్ళలేదు, పేపరుకీ చెప్పలేదు. తర్వాత పదకొండేళ్ళు బతికాడు. ఆ పదకొండేళ్ళలో పైడమ్మ ఎదురొస్తే పక్క సందులోకి మళ్ళేవాడు. పోయినప్పుడు పార్టీ వాళ్ళు జెండా తెచ్చి ఒంటి మీద కప్పారు. ముప్పై ఏళ్ళ పాటు వంటింటి గుమ్మం దాటి ఒక్క రాజకీయం మాట మాట్లాడని మా అమ్మ అప్పుడు లేచింది. "ఆ గుడ్డ తీసీండి" అంది. ఎవరూ కదలకపోతే తనే తీసి, మడత కూడా పెట్టకుండా అప్పలరాజు చేతిలో పెట్టింది. "నువ్వు కూడెట్టించుకుని తిన్న ఇల్లు ఇది" అంది. అతను ఆ గుడ్డ పట్టుకుని శ్మశానం దాకా నడిచాడు.

తర్వాత అతను ఎమ్మెల్యే అయ్యాడు. మెళ్ళో కండువా రంగు మూడుసార్లు మార్చాడు, మూడుసార్లూ పేరు కవర్లోనే వచ్చింది. ఊరు పెరిగింది. బీచ్ రోడ్డులో దీపాలు, బొమ్మలు, విదేశీ అతిథులొస్తే గోడలకి రంగులు. వెనక ఒక్కో గెడ్డా మూసుకుపోయింది, ఒక్కో మూత మీదా ఎవరో ఒక అప్పలరాజు మేడ. కొన్నేళ్ళు కార్పొరేషన్‌కి ఎన్నికలే పెట్టలేదు, ఎవరికీ లోటు తెలీలేదు. మేం కాపురమున్న ఉక్కునగరంలో కూడా అంతే చూశాను. ప్లాంటు అమ్మేస్తారన్నప్పుడు గేటు ముందు టెంటులోకి అన్ని రంగుల కండువాలూ వచ్చి ప్రాణాలిస్తామని ఒట్లు పెట్టాయి. వాళ్ళకి టిక్కెట్లిచ్చే చోట మాత్రం ఒక్కరికీ నోరు లేవలేదు. ఒక సెక్టారులో క్వార్టర్లకి తాళాలు, మెట్ల మీద పిచ్చిమొక్కలు. ఊరు పాడయిందని అందరూ అంటారు. దానంతటది పాడవలేదు. ఎవరి దయతో పదవి వస్తుందో వాళ్ళ మొహమే చూస్తాడు నాయకుడు. ఒకప్పుడు ఆ మొహం మా సందులో ఉండేది. దాన్ని ఊరు దాటించి పైకి తీసుకుపోయారు. తీసుకుపోతుంటే అడ్డుపడాల్సిన మా నాన్నలాంటి వాళ్ళు తమ బెంచీలు కాపాడుకోవాలని సంతకాలు పెట్టారు.

కిరణ్ పంపిన కారులో కాకుండా బస్సులో వెళ్ళాను. ఆర్చి మీద నాన్న బొమ్మ వేయించారు, ఆయనకి లేని మీసంతో. స్టేజీ మీద కూర్చోబెట్టి మైకు నా చేతికిచ్చారు. రాసుకుని వెళ్ళిన కాగితం తీయలేదు. నిలబడి చెప్పాను, ఇప్పుడు మీకు చెప్పినట్టే. ఈ పలకల కింద గెడ్డ ఉందని, దాన్ని మూయడానికి సంతకం పెట్టింది మా నాన్న అని, రాసింది నేనని, నూకాలమ్మ అనే మనిషి దానివల్ల చచ్చిపోయిందని, ఈ ఆర్చి మీద పేరు పెట్టాలనుకుంటే ఆవిడ పేరు పెట్టాలని. ముందు వరసలో వాళ్ళు ఫోన్లు చూసుకుంటున్నారు. నేను ఆగేసరికి చప్పట్లు కొట్టారు. కిరణ్ మైకు తీసుకుని, "పెద్దలు వరలక్ష్మి మేడం గారు తాతగారి జ్ఞాపకాలు చక్కగా పంచుకున్నారు" అని నా భుజాల మీద శాలువా కప్పాడు. ఫొటో తీశారు. రిబ్బను వాళ్ళే కత్తిరించుకున్నారు.

స్టేజీ దిగి వస్తుంటే షాపు గోడ పక్కన పైడమ్మ కనిపించింది. చేపల గమేళా ముందు పెట్టుకుని కూర్చుంది. జుట్టు నెరిసిపోయింది, కళ్ళు వాళ్ళమ్మవే. అంతా విన్నదని మొహం చూస్తే తెలిసింది. నేను పక్కన చతికిలబడ్డాను.

"పైడీ, నలభై ఏళ్ళకి పైనయింది. ఇది సెప్పీసి పోదామనే వచ్చేను."

"సెప్పీసేవు కదా" అంది. చేపల మీద నీళ్ళు చిలకరించింది.

"నీకు తెల్సా ముందే?"

"తెల్దా మరి? ఆ రోజే తెల్సు. మాయమ్మ ఏలికి సిరా నువ్వే రాసినావు, నాను గుమ్మంలో ఉన్నాను." గమేళాలో చేపలు సర్దింది. తర్వాత నా మొహంలోకి చూసింది. కోపం లేదు, అదే తట్టుకోలేకపోయాను. "మీ నాన్న సెప్పుకోలేక సచ్చిపోనాడు. నువ్వు ఇన్నాళ్ళకి సెప్పుకున్నావు, నీకు బరువు దిగింది. మంచిదే. నాకేటి దిగింది వరాలు? నిరుడు వానకి మళ్ళీ మంచం దాకా వచ్చినాయి నీళ్ళు. ఇవాళ ఆ మైకులో ఈ పలకలు పగలగొట్టండి అని ఒక్క మాట అన్నావా?"

అనలేదు. పేరు మార్చమన్నాను. పలకలు తీయమనలేదు. నాకు తట్టనే లేదు.

ఎవరో ఒకావిడ వచ్చి చేపలు బేరమాడడం మొదలుపెట్టింది. పైడమ్మ నా వైపు నుంచి అటు తిరిగి కత్తిపీట ముందుకి లాక్కుంది.